గోడ మీది పెళ్ళికూతురు

బాపట్లలో రైలు స్టేషనుకు దగ్గరగా రెండు గదులూ ఒక వసారా ఉన్న అద్దె ఇంట్లో పాండురంగ, భ్రమరాంబ కొత్త కాపురం పెట్టారు. అది 1984వ సంవత్సరం. మాఘమాసంలో పెళ్ళయింది. పాండురంగకు కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. కొత్త కాపురంలో ఎంత చిన్న సంగతైనా పండుగలాగే ఉంటుంది. స్టీలు గిన్నె మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన తన పేరును తోమినప్పుడల్లా వేలితో తడిమి చూసుకునేది భ్రమరాంబ. కిరసనాయిలు స్టవ్వు పొగ లేకుండా నీలం మంటతో వెలిగిన రోజున భర్తను వంటింట్లోకి పిలిచి మరీ చూపించింది. ఆదివారం సాయంత్రం ఇద్దరూ సూర్యలంక వెళ్ళేవారు. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడిచేవారు. ఇంటికి వచ్చాక చీర కుచ్చిళ్ళలోంచి రాలిన ఇసుకను చూసి, సముద్రాన్ని సగం మోసుకొచ్చావని అతను నవ్వితే ఆమె కూడా నవ్వేది.

ఆ ఇంటి ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగా, వారి పెళ్ళి ఫోటో ఉండేది. తెనాలిలో సంజీవరావు స్టూడియోలో పెద్దది చేయించి నల్ల ఫ్రేము కట్టించిన ఫోటో. పాండురంగ స్వయంగా మేకు కొట్టి తగిలించి, స్టూలు దిగి దూరంగా నిలబడి, వంకర లేదని తేల్చుకున్నాడు.

ఆ ఇంటికి ఎవరు వచ్చినా ఒక సంగతి జరిగేది. వచ్చినవారు కుర్చీలో కూర్చుని ఫోటో చూసేవారు. మంచినీళ్ళు తెచ్చిన భ్రమరాంబను చూసేవారు. మళ్ళీ ఒకసారి ఫోటో చూసేవారు. అంతే. ఎవరూ ఏమీ అనేవారు కాదు. కుశలం అడిగి, కాఫీ తాగి, ఇల్లు బాగుందని చెప్పి వెళ్ళిపోయేవారు. ఇందులో తప్పేముందని మనకు అనిపించవచ్చు. అలాంటి చూపు ఎన్నడూ చూడనివారు మనలో ఎవరున్నారు? అయినా ఆ రెండోసారి ఫోటో వైపు తిరిగిన చూపు ఒక అమ్మాయిని ఎంత దూరం నడిపించిందో తెలిస్తే, ఇకముందు మనం కాస్త ఆలోచించి తల తిప్పుతాం.

భ్రమరాంబకు పుట్టుకతోనే కుడికంటి రెప్ప కొంచెం కిందికి వాలి ఉండేది. చూపుకు అడ్డం లేదు. సూదిలో దారం ఎక్కించాలంటే ఇంట్లో అందరూ ఆమెనే పిలిచేవారు. తండ్రి నరసింహారావు తెనాలిలో హైస్కూలు మేష్టారు. మా అమ్మాయి ఒక కంటితో పాఠం వింటుంది, ఇంకో కంటితో కునుకు తీస్తుంది అని ఆయన ఆటపట్టిస్తే ఆ పిల్ల పకపకా నవ్వేది. అలా నవ్వుతూనే బి.ఏ. పాసయింది. పెళ్ళిచూపుల్లో పాండురంగ ఆమెను ఎదురుగా కూర్చుని చూశాడు, నచ్చిందని చెప్పాడు. ఏం నచ్చిందో చెప్పలేదు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళు అలాంటివి నోటితో చెప్పరు.

ఫోటోలో మాత్రం ఆ రెప్ప వాలి లేదు.

స్టూడియోల్లో టచింగ్ అని ఒక పని ఉంటుంది. వెనుక దీపం పెట్టిన అద్దం మీద నెగెటివు ఉంచి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమల మచ్చలు, కళ్ళ కింది నలుపు పోగొడతారు. పెళ్ళికూతురి ఫోటో అయితే ఎవరూ అడగక్కర్లేదు, చేసే ఇస్తారు. చేయకపోతే స్టూడియోకే చెడ్డపేరు. సంజీవరావుది మంచి చెయ్యి. అతను పెన్సిలుతో కొంత, చిన్న బ్లేడు మొనతో కొంత ఆ రెప్పను పైకెత్తి, రెండు కళ్ళనూ సమానం చేశాడు. దగ్గరగా తీసిన ఫోటోలన్నింటిలోనూ అలాగే చేశాడు. ఆ అమ్మాయికి మేలు చేశాననే అనుకున్నాడు.

ఆల్బమ్ వచ్చిన కొత్తలో కొడుకూ కోడలూ రేపల్లె వెళ్ళారు. అత్తగారు వెంకటరమణమ్మ మనసులో ఏదీ దాచుకోని మనిషి. ఇరుగుపొరుగువాళ్ళను పిలిచి, చాప మీద ఆల్బమ్ పరిచి, ఒక్కొక్క పేజీ తిప్పి చూపించింది.

"చూశావా పుల్లమ్మా, ఫోటోలో మా కోడలు మహాలక్ష్మిలా లేదూ?" అంది.

"ఫోటోలో బాగుందమ్మా," అంది పక్కింటి పుల్లమ్మ. చాప చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. వెంకటరమణమ్మ కూడా నవ్వింది. కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిన భ్రమరాంబ కూడా నవ్వబోయింది గానీ పెదవులు కదలలేదు.

బాపట్ల తిరిగి వచ్చాక ఆమె నడవడిక మారింది. ఎవరైనా వస్తే ఎడమవైపు మాత్రమే కనబడేలా గుమ్మానికి ఓరగా నిలబడేది. పాండురంగ ఆఫీసుకు వెళ్ళగానే ఫోటో కింద కుర్చీ వేసుకుని, చేతి అద్దంలో తన ముఖాన్నీ గోడ మీది ముఖాన్నీ మార్చి మార్చి చూసుకునేది. చిటికెన వేలితో రెప్పను పైకెత్తి పట్టుకుంటే ఇద్దరూ ఒకరే. వేలు తీస్తే వేరు. సూర్యలంక వెళదామంటే తలనొప్పి అనేది. గిన్నెల మీద పేరు తడమడం కూడా మానేసింది. ఇంట్లో తనకు పోటీగా ఇంకో పెళ్ళికూతురు ఉన్నట్టూ, వచ్చినవాళ్ళు ఆ అమ్మాయిని చూడడానికే వస్తున్నట్టూ ఆమెకు అనిపించసాగింది.

ఎదురింటి దుర్గాంబ ఒకనాడు ఒక వారపత్రిక తెచ్చి ఇచ్చింది. కనురెప్పలను కత్తితో సరిచేసి అందంగా మార్చే వైద్యం గురించి అందులో రాశారు. మద్రాసులో చేస్తారట, గంటలో అయిపోతుందట, కట్టు విప్పితే కొత్త కన్నేనట. ఆ పత్రికను భ్రమరాంబ దిండు కింద పెట్టుకుంది. వారం తిరిగాక భర్తకు చూపించింది.

పాండురంగ అంతా చదివాడు. అక్కర్లేదని చెప్పాలని ఉంది. చెబితే డబ్బు ఖర్చుకు జంకుతున్నాడని అనుకుంటుందేమోనని భయం. "నీ ఇష్టం భ్రమరా," అన్నాడు. ఆ మాటతో ఆమెకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చానని అతను అనుకున్నాడు. తన కన్ను ఇలా ఉండడం ఆయనకూ ఇష్టం లేదన్నమాట అని ఆమె అనుకుంది. ఒకే మంచం మీద కూర్చుని ఉండి కూడా, నీకు నిజంగా ఏది ఇష్టం అన్న ఒక్క ప్రశ్న ఒకరినొకరు అడగలేదు.

పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు ఒక జత అమ్మారు. తిరుపతి మొక్కు ఉందని తెనాలికీ రేపల్లెకూ ఉత్తరాలు రాసి మద్రాసు రైలెక్కారు. అక్కడి ప్రైవేటు నర్సింగ్ హోమ్ చల్లగా, శుభ్రంగా, సెంటు వాసనతో ఉంది. డాక్టరు మృదువుగా మాట్లాడాడు. భ్రమరాంబ ఆయన్ను రెండే ప్రశ్నలు అడిగింది. ఎంతవుతుంది అన్నది ఒకటి. శ్రావణమాసంలో అత్తగారింట్లో వ్రతం ఉంది, అప్పటికి వాపు తగ్గుతుందా అన్నది రెండోది. రెండింటికీ ఆయన నవ్వుతూ జవాబు చెప్పాడు. మూడోది ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు నర్సు ఒక ఆయింట్‌మెంటు ట్యూబు చేతిలో పెట్టి పడుకునేముందు రాసుకోమంది. ఎన్నాళ్ళు రాసుకోవాలో ఆమెను కూడా ఎవరూ అడగలేదు.

వాపు తగ్గింది. రెండు కళ్ళూ సమానమయ్యాయి. కుడికన్ను ఎడమదానికంటే వెంట్రుకవాసి పెద్దదిగా కూడా ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు ఫోటో చూసి, ఆమెను చూసి, "అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉన్నారండీ" అనసాగారు. ఆ మాట విన్న రోజున ఆమె జడ నిండా మల్లెపూలు పెట్టుకుంది. స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా పాట పాడుకుంది. ఆ సంతోషం అబద్ధం అని ఎవరూ అనలేరు. కానీ ఎక్కువ కాలం నిలవలేదు.

మొదట కంట్లో ఇసుక పడినట్టు ఉండేది. సూర్యలంక గాలి అనుకుంది. తర్వాత పొద్దున లేచేసరికి కన్ను ఎర్రగా, పుసులు కట్టి, తెరవబోతే గీరినట్టు మండేది. ఫ్యాను కింద కూర్చోలేకపోయింది. పోపు వేస్తే కారే కన్నీరు గంటసేపు ఆగేది కాదు. ఎవరైనా అడిగితే ఊళ్ళో కళ్ళకలక తిరుగుతోంది కదండీ అనేది. నిజానికి తిరుగుతూనే ఉంది. కళ్ళు మండితే మన ఇళ్ళలో మొదట చేసే పనే ఆమె కూడా చేసింది. పెరట్లో నందివర్ధనం పూలు కోసి, చన్నీళ్ళలో వేసి, మధ్యాహ్నం పడుకుని కళ్ళ మీద పెట్టుకునేది. పువ్వు చల్లగా ఉన్నంతసేపూ హాయి. తీయగానే మళ్ళీ మంట. ట్యూబు ఎప్పుడో అయిపోయింది. ఇంకొకటి కొనాలని ఆమెకు తోచలేదు. గాయం మానింది కదా, ఇంకెందుకు అనుకుంది.

భర్తకు కూడా చెప్పలేదు. ఎలా చెబుతుంది? తనే కోరింది. గాజులు తనే తీసి ఇచ్చింది. కోరి తెచ్చుకున్నదాని గురించి ఏడిస్తే నవ్విపోరా? జబ్బు చేస్తే పదిమందికీ చెప్పుకుంటాం. అందం కోసం చేయించుకున్నది బాధపెడితే మాత్రం సిగ్గుతో దాచుకుంటాం. వైద్యం అందవలసిన రోజులు ఆ దాపరికంలోనే గడిచిపోతాయి.

శ్రావణ శుక్రవారం రేపల్లెలో వరలక్ష్మీ వ్రతం చేశారు. సాంబ్రాణి పొగలో కూర్చుని, కారుతున్న కన్నును పైటచెంగుతో అద్దుకుంటూనే భ్రమరాంబ ముత్తయిదువులకు పసుపు రాసి వాయనాలు ఇచ్చింది. రెప్ప ఎలా లేచిందని అడిగిన అత్తగారికి తిరుపతి మొక్కు ఫలించిందని చెప్పింది. పుల్లమ్మ ఆమె గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమో అనుకున్నాను గానీ రమణమ్మా, నీ కోడలు ఫోటోకి తగ్గట్టే ఉందే," అంది. ఎన్ని నెలలుగానో ఆమె వినాలనుకున్న మాట అది. విన్నప్పుడు మాత్రం ఆమెకు అందరూ ఎప్పుడు వెళతారా, కళ్ళు ఎప్పుడు మూసుకుందామా అని ఉంది.

భోజనాలయ్యాక ఆమె మధ్యగదిలో చాప మీద పడుకుంది. అటు వచ్చిన వెంకటరమణమ్మ, కోడలు మేలుకునే ఉందనుకుని, మిగిలిన పులిహోర సంగతి ఏదో అడిగింది. జవాబు రాలేదు. దగ్గరకు వచ్చి చూసింది. ఎడమకన్ను మూసి ఉంది. కుడికన్ను సగం తెరిచి ఉంది. నల్లగుడ్డు పైకి పోయి, ఎర్రబారిన తెల్లగుడ్డు మాత్రమే కనబడుతోంది. ముఖం ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదలలేదు.

"అమ్మాయ్, భ్రమరా, నిద్రపోతున్నావా?"

భ్రమరాంబ ఉలిక్కిపడి లేచింది. వెంకటరమణమ్మ పక్కనే చతికిలబడి, బొటనవేలితో ఆ రెప్పను మెల్లగా కిందికి అదిమి చూసింది. వేలు తీయగానే అది పైకి పోయింది. ఒకనాడు ఇదే రెప్పను భ్రమరాంబ వేలితో పైకెత్తి చూసుకునేది. ఇప్పుడు వేలు పెట్టి దించవలసి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగింది వెంకటరమణమ్మ.

ఇక దాచడానికి ఓపిక లేదు. ఆల్బమ్ చూసిన నాటి మాటల సంగతి, మద్రాసు సంగతి, గాజుల సంగతి, నందివర్ధనం పూల సంగతి అన్నీ చెప్పేసింది భ్రమరాంబ. అంతా విని వెంకటరమణమ్మ చాలాసేపు కోడలి చెయ్యి వదలలేదు.

"ఫోటోలో అని ముందు అన్నది నేనే. నోరు ఊరుకోక అన్నాను. మర్నాటికి నేను మరచిపోయాను కూడాను. ఆ ఒక్క మాటకి కన్ను ఇచ్చుకుంటావా తల్లీ?" అంది.

రేపల్లెలో డాక్టరు జ్ఞానానందం గారంటే అందరికీ గౌరవం. మిషను ఆస్పత్రిలో కంటి వైద్యుడిగా పనిచేసి రిటైరై, ఇంటి ముందుగదిలో రోగులను చూసేవారు. సాయంత్రానికే అత్తాకోడళ్ళు అక్కడికి వెళ్ళారు. ఆయన కంట్లో రంగుమందు వేసి, నీలం దీపంతో చాలాసేపు చూశారు. నల్లగుడ్డు మీద, కిందివైపు, బియ్యపు గింజంత పుండు పడింది. అది ఇంకాస్త లోపలికి దిగితే ఆ కంటికి చూపు ఉండదని చెప్పారు. భర్తను వెంటనే పిలిపించమన్నారు.

మర్నాడు పొద్దున బాపట్ల నుంచి తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె రైలు పట్టుకుని పాండురంగ చేరాడు. డాక్టరుగారి ఎదురుగా నిలబడి, డబ్బు ఎంతైనా పరవాలేదండి, చూపు నిలబెట్టండి అన్నాడు.

"డబ్బు సంగతి తర్వాత బాబూ. ముందు కూర్చో," అన్నారు జ్ఞానానందం గారు. "అమ్మా, ఆ మద్రాసు డాక్టరుని నువ్వేం అడిగావు?"

ఆమె రెండు ప్రశ్నలూ చెప్పింది.

"ఈ రెప్ప మునుపటిలా మూతపడుతుందా అని అడగలేదా?"

"లేదండి. మూతపడకుండా ఉంటుందని తెలియదండి."

"ఎవరికి మాత్రం తెలుస్తుంది? పుట్టిన దగ్గర్నుంచీ అదే మూసుకుంటోంది, మనం ఏనాడూ మూయలేదు. రెప్ప కంటికి తలుపూ, తడిగుడ్డానూ. రోజంతా తుడుస్తుంది, నిద్రలో కప్పుతుంది. ఎత్తి కుట్టినకొద్దీ అది దిగడం తగ్గుతుంది. రెప్ప వాలి చూపుకే అడ్డం వస్తే ఎత్తక తప్పదు. నా చేత్తో నేనే ఎందరికో ఎత్తాను. వాళ్ళకు అది వైద్యం. జీవితాంతం మందు రాసుకోమన్నా రాసుకుంటారు, ఎందుకంటే చూపు వచ్చింది. నీకు చూపు ఉందమ్మా. ఉన్న చూపును పణంగా పెట్టావు. గాజులు పోతే మళ్ళీ చేయించుకోవచ్చు. కంటి తడి ఏ కొట్లో దొరుకుతుంది?"

ఆయన గొంతు పెంచలేదు. పాండురంగ వైపు తిరిగి, ఇంట్లో ఎవరూ వద్దనలేదా అని మాత్రం అడిగారు. పాండురంగ తల దించుకున్నాడు.

నెల రోజులకు పైగా భ్రమరాంబ రేపల్లెలోనే ఉంది. గంటగంటకూ మందు చుక్కలు వేసింది వెంకటరమణమ్మే. పడుకునేముందు ఆయింట్‌మెంటు రాసి, రెప్పను దించి, దాని మీద ప్లాస్టరు అంటించేది. చూడడానికి పుల్లమ్మ వస్తే, ఇప్పుడు కాదులే అని గుమ్మంలోంచే పంపించేసింది. పుండు మానింది. చూపు నిలబడింది. కానీ పుండు మానిన చోట తెల్లటి మచ్చ మిగిలిపోయింది. ఎడమకన్ను మూసి చూస్తే ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడం ఇక ఆమె వల్ల కాదు. రెప్పను కాస్త దించాలంటే మళ్ళీ కత్తే దిక్కు, అదీ కొంతకాలం ఆగాకే చూద్దామన్నారు డాక్టరుగారు. అందాకా ప్లాస్టరు తప్పదు.

బాపట్ల తిరిగి వెళుతూ ఇద్దరూ తెనాలిలో దిగారు. నరసింహారావు మేష్టారు కూతురి ముఖం చూశారు. తిరుపతి ప్రసాదం ఎందుకు రాలేదో ఆయనకు అప్పుడు అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఆ ఇంటి గోడకు భ్రమరాంబ కాలేజీ గ్రూప్ ఫోటో ఒకటి ఉంది. వరసలు వరసలుగా అమ్మాయిలు, ముఖాలు బొటనవేలి గోరంత. పాండురంగ దగ్గరగా వెళ్ళి ఒక్కొక్క ముఖమే చూస్తూ వెతికాడు. మూడో వరసలో చివర్న భ్రమరాంబ. కుడిరెప్ప వాలి ఉంది. అంత చిన్న ముఖాలకు టచింగ్ ఎవరు చేస్తారు? ఆ రెప్ప వాలిన భ్రమరాంబ మిగిలింది ఆ ఒక్క ఫోటోలోనే.

"పెళ్ళిచూపుల్లో నేను చూసింది ఈ అమ్మాయిని," అన్నాడు పాండురంగ. "మీ నాన్నగారు ఏదో జోకు వేశారు. ముందు ఈ కన్ను నవ్వింది. తర్వాతే నువ్వు నవ్వావు. అప్పుడే సరేననుకున్నాను."

"నాకు చెప్పలేదేం?" అంది భ్రమరాంబ.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే కన్ను మండుతుందని అప్పటికే నేర్చుకుంది.

మామగారిని అడిగి ఆ ఫోటో బాపట్ల తెచ్చుకున్నారు. నల్ల ఫ్రేము దించి, అదే మేకుకు దీన్ని తగిలించాడు పాండురంగ. ఇప్పుడు వచ్చినవాళ్ళు ఫోటో చూసి, ఇందులో మీరెక్కడండీ అని అడుగుతారు. ఆమె లేచి వెళ్ళి వేలు పెట్టి చూపిస్తుంది.

దీపావళి ముందు దుర్గాంబ ఆడపడుచు వచ్చింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. కళ్ళ మీది చర్మం కాస్త మందంగా ఉందని, నిద్రమొహమని స్నేహితురాళ్ళు ఏడిపిస్తున్నారట. మద్రాసు అడ్రసు కావాలంది.

"ఎంతవుతుందక్కా?" అని అడిగింది.

భ్రమరాంబ లోపలికి వెళ్ళి ప్లాస్టరు చుట్టా, ట్యూబూ తెచ్చింది. ఆ పిల్ల చూస్తుండగానే మందు రాసుకుని, కుడిరెప్పను వేలితో కిందికి లాగి, ప్లాస్టరు అంటించుకుంది.

"మధ్యాహ్నం కాసేపు పడుకోవాలన్నా ఇలా చేసుకోవాలి. ఇవాళా, రేపూ, ఆ తర్వాతానూ," అంది. "నిన్ను నిద్రమొహం అన్నవాళ్ళు ఆ మాట అనేసి ఇంటికి పోయి హాయిగా కళ్ళు మూసుకుని నిద్రపోతారు. నిద్ర పట్టనిది నీకు. అడ్రసు ఇస్తాను, రాసుకో. వెళ్ళాలని ఉంటే వెళ్ళు. కానీ ఎవరి మాట కోసం వెళుతున్నావో రైలెక్కేముందు నిన్ను నువ్వు అడుగు. అక్కడికి వెళ్ళాక, కన్ను ఎంత అందంగా తెరుచుకుంటుందని అడిగేముందు, అది మూసుకుంటుందా అని డాక్టరుని అడుగు."